రెండో ఎద్దు

గానుగ నోట్లో దోసెడు పోయగానే
నాకు తెలిసిపోతుంది
ఈ వలిసె ఏ వారం నేలలో పడిందో.
పైకి అనను. బేరం చెడుతుంది.

సెనె నెల నడుమ చల్లిన గింజ
నల్లగా నిగనిగలాడుతూ వేళ్ళ సందున నిలవదు,
పంట నొక్కితే నాలుక మీద కమ్మటి మరక.
పది కిలోలకు మూడు కిలోల నూనె,
గిన్నె అంచున తుడుచుకోను ఇంకాస్త.

వర్కినెహ్ ఆత్రగాడు.
గిన్‌బొత్‌లో తొలి జల్లు వాసనకే గింజ విసిరాడు.
పైరు మనిషెత్తు లేస్తే మీసం దువ్వాడు.
తర్వాత హమ్లె వానలు వచ్చి
దాని నడుం మీద కూర్చున్నాయి.
బురదలో పడుకుని పూసిన పువ్వు దగ్గరికి
తడి రెక్కల ఈగ ఎందుకు వస్తుంది?
సగం తాలు మోసుకొచ్చి
నా కాటాను అనుమానంగా చూశాడు.
కాటాది ఏ తప్పూ లేదు.

యెషాలెమ్ బస్తా విప్పితే మాత్రం
చెయ్యి పెట్టబుద్ధి కాలేదు.
బూడిద తిరిగిన గింజ, ఊదితే ఎగిరేటంత తేలిక.
"హమ్లె ఆఖర్న చల్లావు కదూ" అన్నాను,
నా విద్య చూపించుకోవాలని.
ఆమె నవ్వలేదు.
"నీకు తెలీదా?" అంది.

చోకె కొండ కింద మా నల్లరేగడి
ఒంటెద్దుకు లొంగదు.
ఆమెకు ఉన్నది ఒక్కటే ఎద్దు.
మగడు మెతెమా వైపు నువ్వుచేలల్లో కలుపు తీతకు పోయాడు,
పైకం పంపాడు గాని కాడికి మెడ పంపలేదుగా.
పదును ఆరకముందే ఇరవాలు దున్నాలని
గుమ్మం గుమ్మం తిరిగింది.
ముందు వాళ్ళ చేను, తర్వాతే ఆమెది,
ఆ తర్వాత అనేది
వారం వారం జారుతూ పోయింది.

మెస్కెరెంలో లోయంతా పచ్చపసుపు.
ఆమె మడి ఒక్కటే ఆకు మీద ఉంది,
పెళ్ళిలో ఉతికిన పాతచీరతో నిలబడ్డ మనిషిలా.
అది పూసే వేళకు వాన చాలించుకుంది,
గింజ పాలు పోసుకునే వేళకు
హిదార్ మంచు కొరికింది.

వ్యవసాయ ఆఫీసు కుర్రాడు
నా గానుగ గోడకు ఒక పటం అంటించి పోయాడు.
వారం ఆలస్యమైతే దిగుబడి ఇంత, నూనె ఇంత అని
మెట్లు దిగుతున్న ఎర్రగీత.
గీత నిజమే, రోజూ నా డబ్బాలో చూస్తున్నాను.
అందులో ఎద్దు బొమ్మ లేదు.

ఉంటే దాన్ని గుర్తుపట్టేవాణ్ణి.
ఎర్రది, ఎడమ కొమ్ము మొన విరిగింది, పేరు దామా.
సెనె మూడో వారం అది
నా పాకలో నాలుగు రోజులు ఊరికే నెమరు వేసింది.
యెషాలెమ్ వచ్చి గుంజ పట్టుకుని నిలబడింది.
"గిట్టకు నొప్పి" అన్నాను.
దామా తల ఊపింది.
ఈగలకే ఊపింది లెండి.

గానుగ తిరిగింది. పది కిలోలకు
రెండు కిలోలూ పూర్తిగా రాలేదు.
నూనె కూడా పలచన, అడుగున మడ్డి.
"రాసుకో" అంది ఆమె.
రాసుకున్నాను.
ఆడించిన కూలి కింద చెక్క మాదే, అది ఇక్కడి ఆనవాయితీ.
నూనె తక్కువైన గింజకి
చెక్క ఎక్కువే వస్తుంది.

డబ్బా మూత బిగించి
కొంగుతో రెండుసార్లు తుడుచుకుని వెళ్ళింది.

వచ్చే సెనెకి ఇంకా ఆరు నెలలు.
ఇప్పుడే పిలిచి చెబుదామా అనుకున్నాను,
అప్పటికి మళ్ళీ ఏ గిట్ట నొప్పి పుడుతుందో
నన్ను నేను ఎరగనా?

చీకటి పడ్డాక వెచ్చటి చెక్క నలిపి
దామా ముందు పోశాను.
అది వాసన చూసింది,
ఏ వారం చల్లిందో అడగకుండా
తొట్టి అడుగు దాకా నాకింది.